ఒక చాప, పది సూదులు

లంబాడీ తండాల కుట్టు నుంచి నరసాపురం లేసు దాకా… ఆడవాళ్లు ఎవరింట్లో వాళ్లు కుట్టడానికీ, ఒకచోట చేరి కుట్టడానికీ తేడా ఎంత?

తమిళనాడులోని ధర్మపురి జిల్లాలో కొండల నడుమ సిట్టిలింగి అనే లోయ ఉంది. రెజీ జార్జ్, లలిత అనే డాక్టర్ దంపతులు 1993లో అక్కడికి వెళ్లి ఒక గుడిసెలో వైద్యం మొదలుపెట్టారు. లోయలో మలయాళీ గిరిజనులతో పాటు లంబాడీ తండాలూ ఉన్నాయి. 2006 ప్రాంతంలో డాక్టర్ లలిత లంబాడీ కుట్టుపని సంగతి ఆరా తీశారు. ఆ తండాల్లో పాత కుట్లు వేయగలవాళ్లు ఇద్దరే మిగిలారని తేలింది. ఇద్దరూ పెద్దవయసు ఆడవాళ్లు. తక్కినవాళ్లు పేటియా (లంగా), కాంచళి (రవిక) వదిలేసి చీరల్లోకి మారి చాలాకాలమైంది. ఒంటిమీద వేసుకోని బట్టకు కుట్టెందుకని తల్లి మానేసింది. తల్లి చేతిలో సూది లేదు కనుక కూతురికి ఆ పనే తెలియలేదు. తిరుప్పూరు మిల్లుల్లో కూలికి పోయే పిల్లకు నాయనమ్మ పెట్టెలో ఏముందో తీసి చూసే తీరిక కూడా లేదు.

ఆ ఇద్దరి చుట్టూ చాప మీద కొందరు యువతులను కూర్చోబెట్టారు. అలా మొదలైన సంఘం పేరు ‘పోర్గై’. లంబాడీ మాటలో గర్వం అని అర్థం. ఇవాళ ఆ సంఘంలో పదుల సంఖ్యలో ఆడవాళ్లు పనిచేస్తున్నారు. దిండు గలీబులు, సంచులు, చీరలు, కుర్తాలు నగరాల అంగళ్లకు వెళ్తున్నాయి.

చేతిపనుల గురించి రాసేవాళ్లం మామూలుగా ఇక్కడ ‘అంతరిస్తున్న కళకు ఊపిరి’ అని ఒక వాక్యం రాసేసి అమ్మకాల సంగతిలోకి వెళ్లిపోతాం. నాకు మాత్రం ఆ చాప దగ్గరే ఇంకాసేపు ఆగాలనిపిస్తుంది. ఇంట్లో తల్లి చేతిని చూస్తూ చిన్నప్పటి నుంచి అబ్బే విద్య, పెళ్లై పిల్లలున్న ఆడవాళ్లకు పెద్దయ్యాక ఎలా పట్టుబడుతుంది? ఒకరికి తెలిసింది పదిమందిలోకి ఏ దారిన పోతుంది?

వెనక్కి తిప్పి చూడు

పాతకాలపు తండాలో కుట్టు నేర్పడమంటూ విడిగా ఏమీ ఉండేది కాదు. ఆడపిల్లకు చినిగిన గుడ్డముక్క ఇచ్చి పక్కన కూర్చోబెట్టుకునేవారు. ఆ పిల్ల కొన్నేళ్లకు తన పెళ్లిబట్టలు తానే కుట్టుకునేది. పేటియా అంచు, కాంచళి ఛాతీ ముక్క, తలమీద కప్పుకునే టుక్రి, బిందె కింద పెట్టుకునే చుట్ట, దాని వెనక వేలాడే గవ్వల గుడ్డ, సంచులు, ఆఖరికి ఎద్దు మీద కప్పే బట్ట కూడా. ఎద్దులమీద ఉప్పు, ధాన్యం వేసుకుని దేశమంతా తిరిగిన జాతి అది. రైళ్లు వచ్చి ఆ వ్యాపారాన్ని మింగేశాయి. 1871లో బ్రిటిష్ ప్రభుత్వం నేరస్థ జాతుల చట్టం తెచ్చింది. ఆ చట్టం కింద ఎన్నో సంచార జాతుల మీద దొంగలన్న ముద్ర పడింది, లంబాడీలని మనం పిలిచే బంజారాల్లో పలు వర్గాలకూ అది తప్పలేదు. 1952లో గానీ చట్టం రద్దు కాలేదు. ఇంత జరిగినా కుట్టు మాత్రం వాళ్లతోనే ఉంది. దాన్ని చివరికి తీసేసింది మనలో కలిసిపోవాలన్న ఒత్తిడి. బడిలో, బస్సులో, సంతలో అద్దాల లంగాను చూసి నవ్వినవాళ్లకు ఈ కథలో పెద్ద పాత్రే ఉంది.

కర్ణాటకలో బళ్లారి పక్కనున్న సండూరు దారి కాస్త వేరు. అక్కడ కుట్టు పూర్తిగా పోలేదు. అందువల్ల 1980ల్లో సండూరు రాజవంశానికి చెందిన ఎం.వై. ఘోర్పడే కుటుంబం చొరవతో ‘సండూరు కుశల కళా కేంద్రం’ మొదలైనప్పుడు తండా ఆడవాళ్లు చేతిలో పనితోనే వచ్చి చేరారు. సండూరు లంబాడీ కుట్టుకు జీఐ (భౌగోళిక సూచిక) గుర్తింపు ఉంది, యునెస్కో నాణ్యతా ముద్ర కూడా దక్కింది. 2023 జులైలో హంపిలో జీ-20 సాంస్కృతిక సమావేశం జరిగినప్పుడు ఈ కేంద్రంతో కలిసి పనిచేసిన 450 మందికి పైగా లంబాడీ స్త్రీలు 1755 వస్తువులు ప్రదర్శనకు పెట్టి గిన్నిస్ పుస్తకంలోకి ఎక్కారు.

రికార్డు సంగతి పక్కన పెట్టి కుట్టు చూద్దాం. సండూరు పనిలో పద్నాలుగు రకాల కుట్లు లెక్క చెబుతారు. కిలన్, వేలే, బఖియా, మాకి, సూర్యకాంతి మాకి, కన్స్, తేరా డోరా, కౌడీ, రేలో, గాద్రి, భూరియా, పోతే, జోళ్యా, నక్రా. ఇవన్నీ ఒక్కరికే ఒకే తీరుగా రావు. ఒకరి చేతికి అల్లిక కుట్టు బాగా కుదురుతుంది, ఇంకొకరికి అంచు కుట్టు. ఇంట్లో ఒక్క తల్లి దగ్గర నేర్చుకున్న పిల్లకు ఆ తల్లి చేతి బలంతో పాటు బలహీనతా వస్తుంది. పదిమంది కూర్చున్నచోట ఎవరి కుట్టు దేనికి బాగుంటుందో అందరికీ తెలిసిపోతుంది. దేనికి ఎవరిని అడగాలో కూడా తెలుస్తుంది.

అద్దం కుట్టడమే తీసుకోండి. చూసేవాళ్లకు సులువుగా అనిపిస్తుంది. పూసకైతే చిల్లు ఉంటుంది, అద్దానికి ఉండదు. దాన్ని బట్టమీద నిలబెట్టేది దారం ఒక్కటే. ముందు అద్దం మీదుగా రెండు పోగులు నిలువుగా, రెండు అడ్డంగా లాగి చట్రం కట్టాలి. ఆ తర్వాత చుట్టూ కుట్టు వేసుకుంటూ, చట్రం పోగులను ఒక్కొక్కసారీ అంచువైపు లాక్కుంటూ రావాలి. లాగిన కొద్దీ మధ్యలో అద్దం తెరుచుకుంటుంది. దారం వదులైతే నాలుగు ఉతుకుల్లో అద్దం రాలిపోతుంది, మరీ బిగిస్తే గాజు అంచు పోగును కోసేస్తుంది. ఎంత బిగించాలన్నది ఏ పుస్తకమూ చెప్పలేదు, ఏ వీడియో కూడా చెప్పలేదు. కుట్టు వచ్చినామె నేర్చుకునేదాని వేలిమీద వేలు పెట్టి ఒకసారి లాగి చూపించాలి. ఫోన్‌లో చూసి నేర్చుకోవచ్చు కదా అనేవాళ్లకు నా జవాబు ఇదే. వీడియో రూపాన్ని చూపిస్తుంది, బిగువును చూపించలేదు.

కుట్టుపని చోట తరచూ జరిగే పని ఇంకొకటుంది. గుడ్డ చేతికిస్తే అనుభవం ఉన్నామె ముందు వెనక్కి తిప్పి చూస్తుంది. ముందువైపు ఎవరైనా అందంగా చూపించగలరు. దారం ఎక్కడ ముడి పడింది, ఒక పువ్వు నుంచి ఇంకో పువ్వుకు దారం తెంపకుండా ఎంత దూరం ఈడ్చుకెళ్లారు, ఎక్కడ తప్పు విప్పి మళ్లీ వేశారు, ఇవన్నీ వెనకవైపు దాగవు. ఒంటరిగా కుట్టుకునే మనిషి తన వెనకవైపు తానే చూసుకోవాలి, చూసుకుని తానే సర్దిచెప్పుకోవాలి. గుంపులో ఆ సర్దుబాటు కుదరదు. ఒకామె ముక్క విప్పించినప్పుడు మిగతా తొమ్మిదిమందీ తమ గుడ్డలు చాటుగా తిప్పి చూసుకుంటారు. ఆరోజు పాఠం పదిమందికీ అందినట్టే.

పువ్వు కుట్టినామెకు బల్లగుడ్డ తెలియదు

కలిసి కూర్చోకపోతే ఏమవుతుందో చూడాలంటే దూరం పోనక్కర్లేదు. మన నరసాపురం ఉంది.

గోదావరి డెల్టాలో క్రోషా లేసు పంతొమ్మిదో శతాబ్దంలో క్రైస్తవ మిషనరీల ద్వారా వచ్చింది. నరసాపురం, పాలకొల్లు చుట్టుపక్కల ఊళ్లలో ఆడవాళ్ల చేతికి అలవాటై, విదేశాలకు ఎగుమతయ్యే సరుకైంది. అది సూది కుట్టు కాదు, కొక్కెంసూదితో అల్లిక. అయినా ఈ కథలో దాని చోటు దానికుంది. జర్మన్ సామాజికశాస్త్రవేత్త మరియా మీస్ ఇక్కడికొచ్చి పరిశోధన చేసి, 1982లో ‘ది లేస్ మేకర్స్ ఆఫ్ నర్సాపూర్’ అనే పుస్తకం తెచ్చారు. ప్రపంచవ్యాప్తంగా స్త్రీల శ్రమ గురించి చదివేవాళ్లు ఇవాళ్టికీ ఆ పుస్తకం తిరగేస్తారు. నరసాపురం చుట్టుపక్కల ఎంతమంది చదివారో మరి!

ఆ పనిలో ముక్కలు అల్లడం చేతిపని, వాటిని కలపడం అతుకుపని. ఒకామె పువ్వులే అల్లుతుంది, ఇంకొకామె ఆ పువ్వులను అతుకుతుంది. నూలు ఏజెంటు ఇస్తాడు, ముక్కలు ఏజెంటు తీసుకెళ్తాడు. ఎవరింటి అరుగు వాళ్లది. పువ్వు అల్లినామె పూర్తయిన బల్లగుడ్డను చూడదు, దాని ధర వినదు, పక్కవీధి ఆమెకు ముక్కకు ఎంత ముట్టిందో కూడా తెలియదు. మీస్ ఎత్తిచూపింది ఈ ఏర్పాటునే. వాళ్లను పనివాళ్లుగా కాక, ఖాళీ సమయంలో ఏదో అల్లుకునే ఇల్లాళ్లుగా లెక్కగట్టడం వల్లే కూలి అంత తక్కువకు దిగజారింది. ఇంటిపని అంతా చేసుకుని రోజుకు గంటల తరబడి అల్లే మనిషిని ఖాళీగా ఉన్న మనిషి అన్నారన్నమాట.

ఈ ఏర్పాటులో అందరి పనీ చూసేది ఒక్క ఏజెంటే. ఎవరి చేయి నాణ్యమైనది, ఎవరు త్వరగా ఇస్తారు, ఎవరు తక్కువకు ఒప్పుకుంటారు అన్న లెక్క అతని దగ్గర మాత్రమే ఉంటుంది. పదిమంది ఒక చాప మీదికి చేరితే జరిగే మొదటి మార్పు ఇక్కడే. ఆ లెక్క చాప మీదికి వస్తుంది. ఆడవాళ్ల కుట్టు బృందాల్లో అసలు చదువు కుట్టు గురించి కంటే దీని గురించే ఎక్కువని నా అభిప్రాయం.

ఇప్పుడు నరసాపురం లేసుకూ జీఐ గుర్తింపు వచ్చింది. సీతారామపురంలో లేస్ పార్కు ఉంది, శిక్షణలు జరుగుతున్నాయి. మంచిదే. అయితే జీఐ సరుకు పేరును కాపాడుతుంది. ముక్కకు ఎంత ఇవ్వాలో అది చెప్పదు.

గంటకు ఎంత పడింది?

ముక్క రేటు కట్టడం కుట్టు సంఘాల్లో రోజూ ఉండే తగాదా. ఒకామె రెండు రోజుల్లో కుట్టేది ఇంకొకామెకు నాలుగు రోజులు. రేటు ఎవరి చేతిని బట్టి కట్టాలి? సవ్యంగా నడిచే సంఘాలు చేసేది ఇది. కొత్త నమూనా రాగానే చురుకు చేయి ఉన్నామె, మామూలు చేయి ఉన్నామె, కొత్తగా చేరినామె ముగ్గురూ గడియారం చూసుకుని తలొక ముక్క కుట్టాలి. ముగ్గురి గంటలూ చూసి నడిమధ్య లెక్క పట్టుకుని రేటు కడతారు. ఉదాహరణకు ఒక దిండు గలీబు మీది పనికి పన్నెండు గంటలు పడుతుందనుకోండి. మూడు వందలు ఇస్తామంటే వినడానికి బాగానే ఉంటుంది. గంటకు పాతిక రూపాయలు. అదే రోజు మిరపచేనులో కూలికి పోతే ఎంత వస్తుందో చాప మీద అందరికీ తెలుసు. లెక్క అలా విడదీసి చూశాక పాత రేటుకు ఊరుకోవడం కష్టం.

లక్నోలో చికన్ కుట్టు ఆడవాళ్లదీ ఇలాంటి కథే. వీధివీధికీ దళారులు, ముక్కకు పైసల్లో కూలి. 1984లో రూనా బెనర్జీ వంటివాళ్లు మొదలుపెట్టిన ‘సేవా లక్నో’ ఆ ఆడవాళ్లను సంఘంగా కూడగట్టింది. ఆ పనికిగాను బెనర్జీకి 2007లో పద్మశ్రీ వచ్చింది. చికన్‌లో ముర్రీ, ఫందా, జాలీ వంటి సన్నపు పనులున్నాయి. దళారీ కూలికి ఎవరూ వాటి జోలికి పోరు, గబగబా సాగే నీడకుట్టుతో సరిపెడతారు. కూలి నికరంగా ఉన్నచోటే కష్టమైన కుట్టు బతుకుతుంది. ఇది కళ గురించి బాధపడేవాళ్లు ముందు తెలుసుకోవాల్సిన విషయం.

కచ్ వాళ్ల ఉపాయం నాకు మరీ నచ్చింది. 1969 కరువులో ధనేటి గ్రామంలో చందాబెన్ ష్రాఫ్ మొదలుపెట్టిన ‘శృజన్’ కొన్నాళ్లకు ఒక చిత్రమైన ఇబ్బంది గమనించింది. ఆహిర్‌లు, రబారీలు, సోఢాలు, ముత్వాలు, జాట్‌లు… ఒక్కో వర్గానిది ఒక్కో కుట్టు. ఒక వర్గం మంచి పనంతా అమ్ముడుపోయి దేశాలు పట్టిపోతే, కొత్త తరానికి చూసి నేర్చుకోవడానికి ఊళ్లో ఏమీ మిగలదు. అందుకని చేయి తిరిగిన ఆడవాళ్లతో నమూనా గుడ్డలు కుట్టించి, అమ్మకుండా దాచి, బండిలో వేసుకుని ఊరూరా తిప్పారు. ఇంట్లోంచి బయటికి రావడానికి వీల్లేని ఆడపిల్ల కూడా గుమ్మంలోనే తన ముత్తవ్వ కాలపు పనిని చేత్తో తడిమి చూసుకుంది. ఈ పనికే చందాబెన్‌కు 2006లో రోలెక్స్ పురస్కారం దక్కింది. ఆ గుడ్డలు ఇప్పుడు భుజ్ దగ్గర అజ్రఖ్‌పూర్‌లోని మ్యూజియంలో ఉన్నాయి.

మెచ్చుకోలు చాలు, ఒక ఫిర్యాదు కూడా ఉంది. నగరం కోసం కుట్టడం మొదలయ్యాక రంగు మారింది. ఎరుపు, నీలి, పసుపు ఒకదానిమీద ఒకటి కేకలు వేసుకునే లంబాడీ పని కాస్తా అంగళ్లకు వచ్చేసరికి గోధుమరంగు మీద లేత బూడిద దారం అయిపోతోంది. వాషింగ్ మెషీన్‌లో పగులుతుందని అద్దం తీసేస్తున్నారు, బరువని గవ్వలు తీసేస్తున్నారు. కొనేవాళ్ల ఇష్టాన్ని కాదనలేం, సంఘానికి బియ్యం కొనాలి. కానీ ఏడాదికి ఒక్కటైనా ఎవరి ఆర్డరూ లేని ముక్క, తమకు తోచిన రంగులతో తమ కోసం కుట్టుకునే తీరిక సంఘానికి ఉండాలి. లేకపోతే మిగిలేది పని మాత్రమే.

మన దగ్గర

తెలంగాణ గిరిజనుల్లో అత్యధిక జనాభా లంబాడీలదే. జనాభా 500 దాటిన తండాలు 2018లో గ్రామ పంచాయతీలు కూడా అయ్యాయి. తీజ్ పండక్కి గోధుమ మొలకల బుట్టలు ఎత్తుకుని, అద్దాల లంగాలు కట్టుకున్న ఆడపిల్లల ఫొటోలు ఏటా పేపర్లలో చూస్తాం. ఆ లంగాల్లో చేత్తో కుట్టినవి ఎన్నో దగ్గరగా చూస్తే తెలుస్తుంది. చాలావరకు మెషీన్ పని, అంటించిన ప్లాస్టిక్ అద్దాలు, బజారులో కొన్న అంచులు. అందులో తప్పు పట్టడానికేమీ లేదు. అయితే సిట్టిలింగిలో ఇద్దరు మిగిలే దాకా చూసి అప్పుడు లేచారు. మన తండాల్లో ఇంకా అంతకంటే ఎక్కువమందే ఉన్నారు, వాళ్ల చూపు ఇంకా ఆనుతోంది.

పట్నాల్లో మగ్గం వర్క్ సంగతి చూస్తే ఆశ కలుగుతుంది. నాలుగు కర్రల చట్రానికి గుడ్డ బిగించి, అటు ఇద్దరు ఇటు ఇద్దరు కూర్చుని ఆరీ సూదితో కుట్టే పని అది. ట్రేసింగ్ కాగితం మీద సూదితో చిల్లులు పొడిచి, కిరోసిన్‌లో కలిపిన పొడి అద్ది ముగ్గు దించుకుంటారు. చట్రం కింద ఎడమచేయి దారం అందిస్తుంటే పైన కుడిచేయి లాగుతుంది. ఒకప్పుడు ఇది కార్ఖానాల్లో మగవాళ్ల పని. పెళ్లి బ్లౌజుల గిరాకీ పెరిగాక ఆడవాళ్లు ఇళ్లలో, అపార్ట్‌మెంట్లలో నేర్చుకుని ఇంకొకరికి నేర్పుతున్నారు. మగ్గానికే ఒక సుగుణం ఉంది. ఒక్కదాని మీద నలుగురు కూర్చోవచ్చు, కాబట్టి కూర్చుంటారు. రెండోవైపు కంప్యూటర్ ఎంబ్రాయిడరీ తరుముకొస్తోంది. దానితో వేగంలో పోటీపడి గెలిచేవాళ్లెవరూ లేరు. దగ్గరకు తీసి చూస్తే తెలిసే నాణ్యతలోనే గెలవాలి. ఆ నాణ్యతను నిలబెట్టేది వెనక్కి తిప్పి చూసే పదిమంది కళ్లు.

మనకు సంఘాలు కొత్త కాదు. 1982లో డ్వాక్రా పథకం వచ్చిన నాటి నుంచి పొదుపు, అప్పు, వాయిదా, తీర్మానం పుస్తకం… తెలుగు ఆడవాళ్లకు తెలిసినంతగా దేశంలో ఎందరికి తెలుసు? ఆ అలవాటు ఉన్నచోట కుట్టు సంఘం నడపడం సగం సులువు. తరచూ జరిగేది మాత్రం వేరు. కొన్ని వారాల శిక్షణ పెడతారు, చివరిరోజు సర్టిఫికెట్లు పంచి ఫొటో తీసుకుంటారు, మర్నాటి నుంచి ఎవరింటికి వాళ్లు. నేర్చుకున్న నలుగురూ మళ్లీ కలిసే చోటు ఉండదు. శిక్షణకు పెట్టే ఖర్చులో పదోవంతు ఆ తర్వాత ఏడాది పొడవునా ఒక గదికి పెడితే ఫలితం వేరుగా ఉండేది.

పెద్ద ఏర్పాటు అక్కర్లేదు. పగటి వెలుతురు బాగా పడే గది, వారానికి ఒక పూట, పని తెలిసిన పెద్దామె ఒకరు. నలభై దాటినవాళ్లకు దగ్గరచూపు కళ్లద్దాలు. ఇది చిన్న విషయంలా కనిపిస్తుంది గానీ చేయి తిరిగినామె సూదిలోకి దారం ఎక్కించలేక పని మానేయడం నేను విన్న కారణాల్లో తరచుగా వినిపించేది. ఏ నమూనాకు ఎన్ని గంటలు పట్టిందో, ఎంత ముట్టిందో రాసే ఒక నోటుపుస్తకం. అమ్మకుండా దాచుకునే నమూనా గుడ్డలకు ఒక పెట్టె. ఆ పెద్దామెకు నేర్పినందుకు డబ్బు ఇవ్వాలి. అభిమానంతో నేర్పుతుందిలే అనుకోవడం కూడా నరసాపురం లెక్కే.

మీలో ఎవరిదైనా తండా అయితే, లేదా తండాతో పరిచయం ఉంటే ఒక విన్నపం. పాత పేటియాలు, కాంచళులు కొనుక్కుపోయే వ్యాపారులు ఊళ్లమీద తిరుగుతుంటారు. వాటిని కోసి సంచులుగా, దిండు గలీబులుగా మార్చి అమ్ముతారు. అవ్వ పెట్టెలో అలాంటిది ఒక్కటి ఉన్నా అమ్మనివ్వకండి. ముందువైపు ఒక ఫొటో, వెనకవైపు ఒక ఫొటో తీయండి. కుట్టింది ఎవరో, ఏ కుట్టుకు ఏ పేరో అవ్వను అడిగి ఒక కాగితం మీద రాసి బట్టతో పాటు పెట్టండి. ఆ తర్వాత తండాలో నేర్చుకుంటామనే ఆడపిల్లలు నలుగురు దొరికితే, ఆ బట్టనూ ఆ అవ్వనూ వాళ్ల మధ్య కూర్చోబెట్టండి.